భోజనాల బల్ల బొమ్మ

మా ఇంట్లో ఎవరి మీదైనా కోపం వస్తే అమ్మ తిట్టేది కాదు, మాట్లాడటం మానేసేది కాదు, వంట మానేసేది అంతకన్నా కాదు. తిన్నగా వెళ్ళి వాళ్ళని బొమ్మలోంచి తీసేసేది.

భోజనాల గదిలో గోడకి ఆనించి ఒక పెద్ద కాన్వాసు ఉండేది. అందులో మా భోజనాల బల్ల, దాని చుట్టూ మేం నలుగురం. ఆ చివర అమ్మ, ఈ చివర నాన్న, కిటికీ వైపు అన్నయ్య, గోడ వైపు నేను. నా చిన్నతనంలో మొదలుపెట్టిన బొమ్మ అది. ఆ తర్వాత అమ్మ లెక్కలేనన్ని బొమ్మలు వేసింది, పేరు తెచ్చుకుంది. ఇది మాత్రం పూర్తి కాలేదు. పూర్తి కావడానికి మేం కుదురుగా ఉంటేగా. నేను ఎదురు చెప్పిన రోజు బడి నుంచి వచ్చేసరికి నా కుర్చీలో నేనుండేదాన్ని కాదు, ఒక మంచినీళ్ళ కూజా ఉండేది. అప్పుడు అన్నయ్య పెట్టిన పేరు నన్ను ఇప్పటికీ వదల్లేదు. నాన్న పెళ్ళిరోజు మర్చిపోయినప్పుడు ఆయన కుర్చీకి ఒక కోటు వేలాడింది, చాన్నాళ్ళు. నాన్న పరమ శాంతమూర్తి. పొద్దున్నే కాఫీ కప్పుతో గదిలోకి తొంగి చూసి, "ఇవాళ నేనున్నానా?" అని అడిగేవారు. ఉంటే లోపలికొచ్చి కూర్చునేవారు. లేకపోతే గుమ్మంలోనే నిలబడి తాగేసి ఆఫీసుకి వెళ్ళిపోయేవారు.

కోపం చల్లారాక అమ్మ పోనీలే అనో, ఇంకెప్పుడూ అలా చెయ్యకు అనో అనేది కాదు. కిటికీ దగ్గరికి కుర్చీ లాగి, తీసేసిన మనిషిని కూచోబెట్టి, "కాస్త వెలుతురు వైపు తిరుగు" అనేది. ఆ ముక్క చెవిన పడితే చాలు, గండం గడిచినట్టే. బుద్ధిగా తిరిగేవాళ్ళం. కూజా ఉన్నచోట మళ్ళీ నేను వచ్చేదాన్ని, ఈసారి కొంచెం పెద్దయి, కొంచెం లావయి. ఎక్కడైనా ఇళ్ళు ఇలాగే నడుస్తాయని చాలా కాలం నమ్మాను. స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, మీ అమ్మ నిన్ను ఎందులోంచి తీసేస్తుంది అని అడిగి నవ్వులపాలయ్యాక గాని తెలిసిరాలేదు.

ఇప్పుడా బొమ్మ మ్యూజియంలో ఉంది. అందులో ముగ్గురమే ఉన్నాం. కిటికీ వైపు కుర్చీలో అన్నయ్య లేడు. పైనుంచి కింద దాకా ఒక ఎర్ర తెర ఉంది.

ఈ ఏడాది మ్యూజియం వాళ్ళు అమ్మ ఒక్కదాని బొమ్మలతోనే పెద్ద ప్రదర్శన పెట్టారు. కింది అంతస్తు గదులన్నీ ఆవిడకే. ఎవరెవరి ఇళ్ళల్లోంచో, ఆఫీసుల్లోంచో బొమ్మలు తెప్పించారు. పెట్టెల్లోంచి అవి ఒక్కొక్కటే బయటికొస్తుంటే అమ్మ వాటిని పలకరించలేదు, తప్పులు పట్టింది. "దీని మెడ చూడు, కొంగ మెడలా ఉంది. ఎవరూ చెప్పలేదే నాకు." ప్రదర్శన ఏర్పాట్లు చూసే క్యూరేటర్ కుర్రవాడు కాదు గాని అమ్మ ముందు కుర్రవాడే. కళ్ళజోడు, మెత్తని మాట, మంచివాడు. పదిమంది చేత గోడలకి కొత్త రంగు వేయించి, బొమ్మలన్నీ కళ్ళ ఎత్తుకి సరిచూసి తగిలించాడు. చివరి గదిలో మాత్రం ఒకే ఒక్క బొమ్మ పెట్టాడు. తెల్లటి పెద్ద గోడ, దాని మధ్యలో మా భోజనాల బల్ల.

ఆయనకి ఆ తెర అంటే ప్రాణం. ప్రదర్శన కోసం వేసిన పుస్తకం అట్ట మీద ఆ తెరే. రోడ్డు పక్క బస్టాపుల్లో అతికించిన పోస్టర్ల మీదా ఆ తెరే. మా అన్నయ్య లేకపోవడాన్ని అచ్చు వేయించి ఊరంతా అంటించారు. పొద్దున్నే ఆ పోస్టర్ల ముందు నుంచి అమ్మని కారులో తీసుకొస్తూ నేను రోడ్డు చూసేదాన్ని, ఆవిడ తన చేతులు చూసుకునేది.

అన్నయ్యకి ఆహ్వానం నేనే పంపాను. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మతో వాడికి మాటల్లేవు. నాతో ఫోన్లో మాట్లాడతాడు, పండుగకో పబ్బానికో కాదు, మామూలుగానే, వారానికోసారి. అమ్మ సంగతి వచ్చేసరికి "ఆవిడ ఎలా ఉంది" అంటాడు, బాగానే ఉంది అంటాను, అక్కడితో సరి. ఈసారి మాత్రం ఆగి, "వస్తాను" అన్నాడు.

ఏమైనా అంటే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

"ఆవిడ కోసం కాదు. నాన్న కోసం. ఆయన అలా కూర్చుని ఉండేది ఆ బొమ్మలోనే కదా. చూసి చాలా కాలమైంది," అన్నాడు.

ఆ సంగతి చెప్పగానే అమ్మ చేతిలో కప్పు పక్కన పెట్టింది. ఎప్పుడని అడిగింది. ప్రారంభోత్సవం రోజు అన్నాను.

"అయితే ఈలోగా వాణ్ణి పెట్టెయ్యాలి," అంది.

చుట్టాలొస్తున్నారు, పక్క గది సర్దాలి అన్నంత మామూలుగా అంది ఆ మాట. ఆ బొమ్మ మన ఇంట్లో లేదమ్మా అని నేను చెప్పలేకపోయాను. చెప్పే పని కళ్ళజోడు క్యూరేటర్ మీద పడింది.

"మేడమ్, ఆ చిత్రం మ్యూజియంది," అన్నాడు పాపం, చేతులు నలుపుకుంటూ.

"వేసింది నేనే కదా."

"మీరే. కానీ ఒకసారి మా దగ్గరికొచ్చాక ఎవరూ ముట్టుకోకూడదండి. మీరైనా సరే."

"నువ్వు పలక పట్టక ముందు నుంచీ ముట్టుకుంటున్నాను దాన్ని."

"అది నిజమే మేడమ్," అన్నాడు. తర్వాత ఆయన అనకూడని మాట ఒకటి అన్నాడు, ఎంతో భక్తిగా. "పైగా ఆ తెర లేకపోతే ఆ బొమ్మే లేదు మేడమ్. దాని ప్రాణమంతా అందులోనే ఉంది."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "అందులో ఉన్నది మా పెద్దాడు," అని చెప్పి, చేతికర్ర తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన దీన్ని కూడా పుస్తకంలో రాయాల్సింది అన్నట్టు నావైపు చూశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన తప్పేం లేదని తెలుసు. తెలిసినా మండింది.

ఆ మధ్యాహ్నమే బొమ్మల పక్కన అంటించే చీటీలు వచ్చాయి. చివరి గదిలో బొమ్మ పక్క చీటీ అతికించి, సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి కళ్ళజోడు పైకి చదివాడు. తెర గురించి ఏదో ఉంది. ఆ తర్వాత నాన్న గురించి ఉంది. బొమ్మలో నాన్న కుర్చీలో కొంచెం ముందుకి వంగి, కుడిచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు చూస్తుంటారు. "పొట్ట మీద విశ్రాంతిగా ఆనిన ఆ చెయ్యి, భోజనం ముగించిన గృహస్థు నిండు తృప్తిని సూచిస్తుంది," అని చదివాడాయన.

ఆ చేతి సంగతి చెప్పాలి. చెప్పకపోతే మా అన్నయ్య ఎందుకు తెరయ్యాడో తెలియదు.

నాన్న పోయిన ఏడాది వానాకాలంలో మ్యూజియం వాళ్ళు ఇంటికొచ్చి, గోడకి ఆనించి ఉన్న బొమ్మ చూసి, పూర్తయితే మాకు కావాలి అన్నారు. అమ్మకి అది పెద్ద గుర్తింపు. ఎన్నేళ్ళుగానో సాగుతున్న బొమ్మని ఇక ముగించాలని పట్టుపట్టి, మా అందర్నీ మళ్ళీ వరసగా కూచోబెట్టింది. నాన్న రోజూ పొద్దున కూర్చునేవారు. అప్పటికే ఆయనకి కడుపులో నొప్పి. ఎవరితోనూ అనలేదు. నొప్పి వచ్చినప్పుడు చెయ్యి అక్కడ పెట్టుకుని కొంచెం ముందుకి వంగేవారు. "అలాగే ఉండండి, చెయ్యి తియ్యకండి, బావుంది," అనేది అమ్మ. నిజంగానే బావుంది. అంతకు ముందు నాన్న చేతులు ఆవిడకి ఎప్పుడూ కుదిరేవి కావు. నేను ఓసారి, నాన్నా పడుకోకూడదూ అంటే, "మీ అమ్మకి ఇన్నాళ్ళకి చెయ్యి కుదిరింది. ఇప్పుడు లేస్తే మళ్ళీ కోటు వేలాడదీస్తుంది," అని నవ్వారు.

అన్నయ్య అప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం. తన వంతు కూర్చోవడానికి వచ్చి, నాన్నని చూడగానే పట్టేశాడు. ఆయన్ని కుర్చీలోంచి లేపి, అమ్మ వద్దంటున్నా వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ కోసి చూశారు, చాలా ఆలస్యమైందన్నారు. నాన్న ఇంటికి రాలేదు. చుట్టాలందరూ ఉండగా అమ్మ అన్నయ్యతో, "నవ్వుతూ కూచున్న మనిషిని తీసుకెళ్ళి కోయించి చంపావు," అంది. అన్నయ్య గొంతు పెంచలేదు. "నువ్వు చెయ్యి చూశావు. అది అక్కడెందుకుందో చూళ్ళేదు," అన్నాడు. అని బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి తెర ఉంది. కొన్నాళ్ళకి మ్యూజియం లారీ వచ్చింది. బొమ్మ ఎక్కించేస్తుంటే అమ్మ ఇంకా ఆ కోపంలోనే ఉంది. కోపం పోయేసరికి బొమ్మ ఇంట్లో లేదు, కూచోబెట్టడానికి కొడుకూ లేడు.

కళ్ళజోడు చదవడం ముగించి, ఎలా ఉందన్నట్టు చూశాడు. అమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఆ చీటీ తీసెయ్యి," అంది.

"ఏమైనా తప్పుందా మేడమ్?"

"తృప్తి కాదు. నొప్పి," అంది అమ్మ. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. అడిగేదాన్నే, కాని ఆవిడ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని నాన్న చేతినే చూస్తోంది, మధ్యలో దూరబుద్ధి కాలేదు. కళ్ళజోడు గోటితో చీటీ అంచు లేపి, మెల్లగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు బయల్దేరేముందు నేను అమ్మ సంచీ సోదా చేశాను. ప్రారంభానికి ఇంక ఆ ఒక్క రోజే ఉంది. ఆవిడ సంగతి నాకు తెలీదా. సంచీలో రెండు బ్రష్షులు, తుడుచుకునే గుడ్డ, చిన్న సీసాలో నూనె. అన్నీ తీసి బల్ల మీద పెట్టాను. "దొంగని పట్టినట్టు పట్టావే," అంది నిష్ఠూరంగా. కోటు జేబులు కూడా చూశాను. కళ్ళద్దాల డబ్బా తప్ప ఏమీ లేదు. ఆ డబ్బా తెరిచి చూడాలని తోచలేదు. ఇక నా రెండో పొరపాటు ఇంకా అన్యాయం. అమ్మ జుట్టు ముడివేసి దాంట్లో ఒక బ్రష్ గుచ్చుకుంటుంది, నా చిన్నప్పటి నుంచీ అంతే. ఆ పొద్దున కూడా గుచ్చుకునే ఉంది. నేను సంచీ అంతా వెతికి, ఆ తల మీద నుంచే కోటు తొడిగి, ఆ ముడి కాలర్లో ఇరుక్కుంటే సర్ది మరీ కారెక్కించాను. నా కంటికి ఆనలేదు.

మధ్యాహ్నం పనివాళ్ళంతా భోజనాలకి వెళ్ళారు. అమ్మ చివరి గదిలో బెంచీ మీద కూర్చుంటానంది. కాపలాదారు గుమ్మంలో ఉన్నాడు కదా అని నేను ముందు హాల్లో కుర్చీలు ఎన్ని వేశారో, పూలు వచ్చాయో లేదో చూసుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాపలాదారు గదిలోపల నిలబడి ఉన్నాడు, పొరపాటున ఎవరి పెళ్ళిలోకో వచ్చేసినవాడిలా ఇబ్బందిగా.

"ఆవిడే కదండీ వేసింది," అన్నాడు నన్ను చూడగానే. "ఆవిడ్ని నేనెలా ఆపుతాను."

అమ్మ బొమ్మకి దగ్గరగా నిలబడి, ఎర్రరంగు గొట్టానికి మూత పెడుతోంది. కళ్ళద్దాల డబ్బా తెరిచి బెంచీ మీద ఉంది. నిజం చెప్పాలి, ముందు నా కళ్ళు పరుగెత్తింది కిటికీ వైపు కుర్చీ కేసే. అన్నయ్యని పెట్టేసింది, పెడితే పెట్టింది, జైల్లో వేస్తే వెయ్యనీ అనుకున్నాను.

అన్నయ్య లేడు. తెర తెరలాగే ఉంది.

మరి ఎక్కడ వేసిందని బొమ్మంతా వెతికాను. నాన్న ఉన్నారు, నేనున్నాను. బల్లకి ఆ చివర, అమ్మ ఉండాల్సిన చోట, తడి తడిగా మెరుస్తూ ఇంకో ఎర్రటి తెర ఉంది. ఇన్నేళ్ళలో నేను, అన్నయ్య, నాన్న ఎన్నిసార్లు పోయి వచ్చామో లెక్కలేదు. ఆ బొమ్మలోంచి ఎన్నడూ పోని మనిషి ఆవిడ ఒక్కతే.

"ఏం చేశావమ్మా?"

"వాణ్ణి పెడదామనే వచ్చాను." బ్రష్ గుడ్డకి తుడవబోయి, గుడ్డ లేదని గుర్తొచ్చి, కోటు అంచుకే తుడిచింది. "వాడు కూచోకుండా ఎలా పెడతాను? నా ఇష్టమొచ్చిన మొహం పెట్టి, ఇదిగో నువ్వొచ్చేశావు అంటే వచ్చినట్టేనా?"

"అందుకని నిన్ను తీసేసుకుంటావా?"

"తప్పు చేసినవాళ్ళని తియ్యడమే కదే మనింటి పద్ధతి. మీ నాన్నని పెళ్ళిరోజు మర్చిపోయినందుకే తీశాను." రంగు గొట్టం డబ్బాలో పెట్టి మూసింది. "పాపం, నిలబడి కాఫీ తాగేవారు."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఈవిడ దగ్గర నాకు అలవాటే.

కళ్ళజోడు వచ్చాడు. పైవాళ్ళకి చెప్పాలి, బీమా వాళ్ళకి చెప్పాలి, రేపు ఎలా అంటూ తనలో తనే మాట్లాడుకుంటూ బొమ్మ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరిగాడు. చివరికి పై అంతస్తు నుంచి పాత బొమ్మలకి మరమ్మతులు చేసే ఆవిణ్ణి పిలిపించాడు. తక్కువ మాట్లాడే మనిషి. పుల్లకి చుట్టిన దూది ఏదో ద్రవంలో ముంచి, కొత్త తెర మూల మీద మెల్లగా దొర్లించి చూసింది. దూది ఎర్రబడింది, దాని కింద అమ్మ కుర్చీ చెక్క కనిపించింది.

"ఇంకా పచ్చిగానే ఉంది. కింద వార్నిష్ ఉంది కాబట్టి ఇవాళ తీస్తే శుభ్రంగా వస్తుంది. ఎండితే చెప్పలేను," అంది.

"తియ్యొద్దు," అంది అమ్మ.

"మేడమ్," అన్నాడు కళ్ళజోడు, ఇక ఏడ్చేసేలా.

"తియ్యొద్దన్నాను. మా వాడు రేపొస్తాడు. వాడు చూడాలి. ఆ తర్వాత మీ ఇష్టం." అంతే. వసారాలోకి వెళ్ళి, కిటికీ పక్క బెంచీ మీద కూలబడింది.

నేను ఆవిడ వెనక వెళ్ళలేదు. మరమ్మతులావిడని పక్కకి పిలిచి, కిటికీ వైపు పాత తెర చూపించాను. "దాని కింద మా అన్నయ్య ఉన్నాడు. అది కూడా ఇలా తియ్యచ్చా?" అని అడిగాను. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"లేదండి. ఇది వార్నిష్ కంటే ముందుది. పూర్తిగా గట్టిపడి కింది రంగుని పట్టేసింది," అంది. "దీన్ని కదిలిస్తే కిందున్న మనిషి కూడా ఊడి వచ్చేస్తాడు."

సరిగ్గా అప్పుడే అన్నయ్య వచ్చాడు.

రేపు రావాల్సినవాడు ఇవాళే వచ్చాడు. రేపు జనం ఉంటారు, ఫోటోలు తీస్తారు, ఆ గొడవంతా వద్దనుకున్నాడట. వెనక వైపు గుమ్మం దగ్గర తనెవరో చెప్పుకుని లోపలికొచ్చాడు. వసారా మీదుగా రాలేదు కాబట్టి అమ్మని చూడలేదు. జుట్టు బాగా నెరిసింది. గుమ్మంలో నన్ను చూసి, "ఏం కూజా," అన్నాడు. అనేసి, నేను జవాబిచ్చేలోగానే వాడి కళ్ళు గోడ మీదికి వెళ్ళిపోయాయి.

ముందు నాన్నని చూశాడు. దగ్గరికెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. అందరం పక్కకి జరిగాం. వాడి పెదవులు కొంచెం కదిలాయి, ఏమన్నాడో నాకు వినబడలేదు. తర్వాత కిటికీ వైపు చూశాడు, తన తెర. దాన్ని ఎక్కువసేపు చూడలేదు, పోస్టర్లలో చూసే ఉంటాడు. తర్వాత చూపు బల్ల ఆ చివరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

వాడికి ఎవరూ ఏదీ విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పుట్టినవాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇందాకే. ఇంకా ఆరలేదు," అన్నాను.

వాడు మెత్తబడతాడనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ వసారాలోకి పరుగెడతాడని కూడా అనుకున్నానేమో, అబద్ధమెందుకు. వాడి మొహం మాత్రం జేవురించింది.

"మళ్ళీ తన ఇష్టమే," అన్నాడు. "తీసెయ్యడం తన ఇష్టం, పెట్టడం తన ఇష్టం. ఇప్పుడు తనకి తనే శిక్ష వేసుకుని మూల కూచోవడమూ తన ఇష్టమే. నన్నెవరైనా అడిగారా?"

"అన్నయ్యా, నీ కోసమే చేసింది."

"నాకొద్దు." గోడకేసి చెయ్యి చూపించాడు. "ఇన్నేళ్ళూ పొద్దున లేస్తే ఆవిడతో పోట్లాడుతున్నాను, మనసులో. ఆవిడ అక్కడ, ఆ కుర్చీలో కూచుని వింటోందనుకుని. ఆవిడే లేకపోతే ఇంక నేనెవరి మీద కోప్పడాలి, గోడ మీదా?"

నేను వాడి చెయ్యి పట్టుకోబోయాను, వదిలించుకున్నాడు. వదిలించుకుని, మళ్ళీ వాడే నా వేళ్ళు పట్టుకున్నాడు.

"అది వస్తుందా అండీ?" అన్నాడు మరమ్మతులావిడతో.

"వస్తుంది."

"అయితే తీసెయ్యండి."

ఆవిడ కళ్ళజోడు కేసి చూసింది. ఆయన తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. ఆవిడ స్టూలు తెచ్చుకుని కూర్చుంది. దూది ముంచడం, మెల్లగా దొర్లించడం, ఎర్రబడ్డ దూది డబ్బాలో వేసి ఇంకోటి తీసుకోవడం. తొందర లేదు ఆవిడకి. ముందు కుర్చీ పైభాగం వచ్చింది, తర్వాత ఒక భుజం, ముడిలో గుచ్చిన బ్రష్, చెవి. చెంప వచ్చింది. ఒక కన్ను వచ్చింది, ఇంకో కన్ను ఇంకా ఎరుపులో ఉండగానే మావైపు చూసింది. నేనూ అన్నయ్యా పక్కపక్కన నిలబడి చూస్తున్నాం, చిన్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టు.

మొహం మొత్తం బయటపడ్డాక వాడు ఒక అడుగు ముందుకి వేశాడు.

"అమ్మ ఇంత చిన్నదా," అన్నాడు.

నేనూ అదే చూస్తున్నాను. బొమ్మలో అమ్మ ఇప్పటి మాకంటే చిన్నది. నుదుటి మీద గీత లేదు. అంతా తన చేతిలోనే ఉందని, ఇక ఒక్క చెయ్యి కుదిరితే అయిపోతుందని నమ్మకంగా ఉన్న మనిషి. జాలేసింది నాకు. నాన్న మీద జాలిపడ్డాను గాని, ఆ బొమ్మలో ఉన్న ఆవిడ మీద జాలిపడటం అప్పటిదాకా ఎరగను.

"ఎక్కడుంది?" అన్నాడు అన్నయ్య.

వసారా చూపించాను.

వాడి వెనకే వెళ్ళాను, కొంచెం దూరంగా. అమ్మ అదే బెంచీ మీద, కోటు అంచున ఎర్రటి మరకతో కూర్చుని ఉంది. వాణ్ణి చూసింది. లేవలేదు, లేవడానికి కర్ర అందలేదు కూడా. వాడు దగ్గరికెళ్ళలేదు. బెంచీకి ఈ చివర, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు, మొహం గుమ్మం వైపు పెట్టుకుని. పలకరింపుల్లేవు. ఎలా ఉన్నావని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. నాకు అరవాలనిపించింది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనండి అని.

అమ్మ చెయ్యి అలవాటుగా జుట్టు ముడి మీదికి వెళ్ళింది. అక్కడ బ్రష్ లేదు, కళ్ళజోడు తీసేసుకున్నాడు. కోటు జేబులో తడిమి ఒక పెన్సిలు ముక్క తీసింది. పొద్దున నేను చూసిన జేబే. రేపటి ఆహ్వానపత్రం ఒకటి బెంచీ మీద పడుంటే దాన్ని వెనక్కి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. తల ఒక పక్కకి వంచి వాణ్ణి చూసింది. నెరిసిన జుట్టు, బుగ్గ మీద కొత్త మడత, అన్నీ చూసింది.

"కాస్త వెలుతురు వైపు తిరుగు," అంది.

మా చిన్నప్పుడు ఆ మాట హుకుంలా ఉండేది. ఇప్పుడు పరాయి ఇంట్లో మంచినీళ్ళు అడిగినట్టు అడిగింది.

అన్నయ్య తిరగలేదు. వాడు గుమ్మం వైపే చూస్తూ, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అలాగే ఉన్నాడు. లేచి వెళ్ళిపోనూ లేదు.

అమ్మ కాసేపు ఎదురుచూసింది. ఎదురుచూసి, తనే చెయ్యి ఆన్చుకుని, బెంచీ మీద అటు పక్కకి కొంచెం జరిగింది, వాడు కనబడినంత మేరకి కనబడేలా.

"సరే. నీకెలా ఉంటే అలాగే ఉండు," అంది. చెవి దగ్గర మొదలుపెట్టింది.